నాంచారమ్మ తిట్లకు ఎన్ని మార్కులు

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే చాలాకాలం "ఆసుపత్రిలోనండి" అని ఊరుకునేదాన్ని. వాళ్ళు నర్సుననుకుని మోకాళ్ళ నొప్పులకు మందు అడిగేవాళ్ళు. అసలు సంగతి చెబితే ఇంకా చిక్కు. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళు నలుగురితో ఎలా మెలుగుతున్నారో కొలుస్తానని ఒకసారి తెనాలిలో మా పక్కింటావిడతో అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, టేపు పెట్టి కొలుస్తారా అని అడిగింది. మా అత్తగారైతే పేరంటంలో అందరి ముందూ తేల్చేసింది. "మా కోడలు జనం ఇళ్ళకు పోయి కబుర్లాడి వచ్చిద్దండి. దానికి జీతమిస్తారు." ఆవిడ ఎగతాళికే అంది గానీ, ఈ ఉద్యోగం గురించి అంత సూటిగా చెప్పినవాళ్ళు ఆ తర్వాత నాకెవరూ తగల్లేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏ పుస్తకం చదవాలి, ఏ ప్రశ్నపత్రం వాడాలి అని అడుగుతుంటారు. పుస్తకాలు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. వాటిలో దొరకనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. ఉన్నవే తక్కువ, ఉన్నవాటిలోనూ చెప్పుకోదగ్గ కథ లేదు.

మేం కొలిచేది

జ్ఞాపకాన్ని పరీక్షించడం తేలిక. ఇవాళ ఏ వారం అని అడుగుతాం. కొన్ని వస్తువుల పేర్లు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమంటాం. గడియారం బొమ్మ గీయిస్తాం. కానీ ఇంట్లోవాళ్ళు ఏడుస్తూ వచ్చేది అమ్మకు ఇవాళ బుధవారమని తెలియలేదని కాదు. చుట్టాలొస్తే పలకరించకుండా లోపలికి పోయిందని వస్తారు. చావింటికి తీసుకెళ్తే అక్కడ కూర్చుని నవ్వారని వస్తారు. మనవరాలి పెళ్ళిలో పెళ్ళికొడుకును పట్టుకుని "నువ్వెవరబ్బాయ్" అని అడిగారని వస్తారు. పలకరింపు, మాటకు మాట, ఒకరికి సాయపడటం, సర్దుకుపోవడం, అలగడం, పోట్లాడటం, ఇవన్నీ కలిసి మనిషి మనుషుల మధ్య బతకడం. అందులో ఎంత మిగిలిందో చూసి చెప్పడమే నా పని. ఆ పెద్దాయన్ను ఇంకా కొట్టుకు పోనివ్వొచ్చా, పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళొచ్చా, మందు పెంచాలా తగ్గించాలా అన్నవి నేను రాసిన దాన్నిబట్టే తేలేవి. అందుకని పని కబుర్లదే అయినా తప్పు రాస్తే ఒక మనిషి గదిలో కూర్చోవాల్సి వచ్చేది.

మా బాసు డాక్టరు రామ్మోహన్ గారు తెనాలిలో నరాల వైద్యుడు. వారంలో ఒకరోజు బాపట్లలో, ఒకరోజు రేపల్లెలో కూర్చునేవారు. ఆ రెండు రోజులూ ఆయన కారులో నేనూ వెళ్ళేదాన్ని. మంచి డాక్టరు, రోగిని తొందరపెట్టరు, విసుక్కోరు. ఒకటే లోపం, అంకె కనపడందే దేన్నీ నమ్మరు. దారిలో టిఫిన్ చేసి ఇడ్లీ బాగుంది సార్ అంటే, "పదికి ఎంత?" అని అడిగేవారు. నేను ఏడు అన్నాననుకోండి, మిగతా మూడు ఎక్కడ పోయాయో చెప్పేదాకా కారు కదిలేది కాదు.

కర్లపాలెం మౌని

మాకిచ్చిన ప్రశ్నపత్రం ఎక్కడో ఇంగ్లీషులో పుట్టి, ఎవరో పండితుడి చేతిలో తెలుగైంది. "గడచిన మాసమున తాము సామాజిక సమావేశములందు ఏ మేరకు పాల్గొనియున్నారు?" ఇదీ మొదటి ప్రశ్న. కర్లపాలెం నుంచి కోటయ్య గారనే రైతును ఆయన భార్య శేషమ్మ గారు బాపట్ల తీసుకొస్తే, డాక్టరు గారి ఎదుట నేనీ ప్రశ్న చదివాను. శేషమ్మ గారు ముఖం గంభీరంగా పెట్టి, తమకు రాజకీయాలు లేవనీ, ఏ పార్టీ మీటింగుకూ ఈయన పోరనీ ఖండితంగా చెప్పారు.

మిగతావి నా మాటల్లో అడిగాను. పక్కవాళ్ళతో కబుర్లాడతారా? ఆడరు. చుట్టాల ఇళ్ళకు వెళ్తారా? వెళ్ళరు. ఇంటికెవరైనా వస్తే కూర్చోమంటారా? అనరు. కూడితే దాదాపు సున్నా వచ్చింది. డాక్టరు గారు ఆ అంకె చూసి జబ్బు బాగా ముదిరిందని తల ఊపారు. మందుచీటీ మీద కలం పెట్టారు కూడా. నాకెందుకో అనుమానమొచ్చి, జబ్బు రాకముందు ఎలా ఉండేవారమ్మా అని అడిగాను.

శేషమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "ముందు అసలు మాటే లేదండి. పెళ్ళిచూపుల్లో గూడా నోరు విప్పలేదు. మూగోడేమోనని మా నాన్న మళ్ళీ ఒకసారి వచ్చి చూసిపోయాడు." ఆ తర్వాత కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని గొంతు తగ్గించారు. "ఇప్పుడే కొంచెం నయమండి. పొద్దున్నే లేచి గేదెతోను, నాతోను ఏదో ఒకటి మాట్లాడుతున్నారు. మీరు మందేసి అది మాన్పించబాకండి."

డాక్టరు గారు కలం మూత పెట్టేశారు. ఆ రోజునుంచి మా కాగితంలో ప్రతి ప్రశ్నకూ రెండు గడులు వచ్చాయి. ఒకటి ఇప్పుడు ఎలా ఉన్నారని, ఒకటి మునుపు ఎలా ఉండేవారని. కోటయ్య గారు ఆ తర్వాత ఎప్పుడొచ్చినా నాతో గేదె గురించి మాట్లాడేవారు. గేదె ఎప్పుడో అమ్మేశారని శేషమ్మ గారు పక్కనుంచి సైగ చేసేవారు. అయినా ఇద్దరం శ్రద్ధగా వినేవాళ్ళం.

చీరల కొట్టులో

బాపట్లలో వెంకటరత్నం గారికి చీరల కొట్టు ఉండేది. చీరాల వైపు మగ్గాల మీద నేసిన చీరలు తెచ్చి అమ్మేవారు. నేను రాని రోజున డాక్టరు గారు పెట్టిన జ్ఞాపకం పరీక్షలో ఆయన దాదాపు అన్నీ తప్పారు. నాన్నను ఇక ఇంట్లో కూర్చోబెట్టమంటారా అని కొడుకు డాక్టరు గారిని అడిగాడు. కొట్టుకు పోనివ్వకపోతే ఆయన అన్నం ముట్టరు. పోనిస్తే ఎవరితో ఏం మాట్లాడతారోనని వీళ్ళకు గుండె దడ. డాక్టరు గారు నన్ను కొనడానికి వచ్చినదానిలా వెళ్ళి చూసి రమ్మన్నారు. కొడుక్కు చెప్పే పంపారు.

నేనాయన్ను చూడటం అదే మొదలు. నేను మెట్టెక్కుతుండగానే ఎదురొచ్చి, "రండమ్మా రండి, చాలా రోజులైంది. పిల్లలు బాగున్నారా? భోంచేసే వచ్చారా?" అన్నారు. ఒక్క క్షణం నిజంగానే మాకు పరిచయముందేమో అనుకున్నాను. ఆలోచిస్తే ఆ పలకరింపు ఈ జిల్లాలో ఎవరికైనా సరిపోతుంది. మన మాటలో ఆ సదుపాయం ఉంది. "అవునండి", "అంతేనండి", "ఏదో మీ దయండి" అని అందుకుంటూ పోతే, ఎదుటి మనిషెవరో తెలియకుండానే ఎంతసేపైనా పెద్దమనిషిలా మాట్లాడొచ్చు. కొత్తగా వచ్చేవాళ్ళు మొదట బోల్తాపడేది ఇక్కడే. పెద్దాయన చక్కగా మాట్లాడారు, జబ్బేం లేదని రాసేస్తారు.

ఆయన ఆకుపచ్చ చీర ఒకటి విప్పి నా భుజానికి దూరంగా పట్టి చూసి, ఈ రంగు మీకోసమే పుట్టిందమ్మా అన్నారు. కొన్నాను. ఇంకొకటి కూడా కొన్నాను. బయటికొచ్చి ఎదురుగా సోడా తాగి మళ్ళీ లోపలికి వెళ్ళాను. "రండమ్మా రండి, చాలా రోజులైంది" అన్నారు. నా చేతిలో సంచి చూసి, మా కొట్టు సంచే, అయితే మీరు మాకు పాత ఖాతాదారులన్నమాట అని సంబరపడ్డారు. అదే ఆకుపచ్చ రంగులో ఇంకో చీర తీసి, ఈ రంగు మీకోసమే పుట్టిందన్నారు. అది కూడా కొన్నాను. నిన్ను పంపింది కొలవడానికా కొనడానికా అని డాక్టరు గారు కారులో తెనాలి దాకా అడుగుతూనే ఉన్నారు.

నేను రాసింది ఇది. ఎవరొచ్చారో ఆయనకు తెలియదు. కానీ వచ్చినవాళ్ళు అలిసిపోయారా, తొందరలో ఉన్నారా, కొనరా అన్నది ముఖం చూసి పట్టేస్తున్నారు. ఎండన పడి వచ్చిన ముసలామెకు అడగకుండానే మంచినీళ్ళు ఇప్పించారు. బిల్లు దగ్గర మాత్రం తికమకపడుతున్నారు. కాబట్టి బిల్లు కొడుకు చూసుకోవాలి, ఆయన ముందు కూర్చోవాలి. ఆయన అలాగే చాలాకాలం కూర్చున్నారు. ఇలాంటి కేసు మీకూ వస్తే పర్సు ఇంట్లో పెట్టి వెళ్ళండి.

"నన్ను తిట్టడం మానేసిందండి"

ఇక రేపల్లె సంగతి. ఈ పని గురించి నాకు తెలిసినదాంట్లో సగం అక్కడే నేర్చుకున్నాను.

నాంచారమ్మ రేపల్లె మార్కెట్లో సముద్రపు చేపలు అమ్మేది. కొడుకు నిజాంపట్నంలో బోటు మీద పని చేస్తూ, వేటకు పోతే రోజుల తరబడి ఇంట్లో ఉండేవాడు కాదు. ఆమెను మా దగ్గరకు తెచ్చింది కోడలు లక్ష్మి. అత్త పేర్లు మర్చిపోతోందనీ, రాత్రిళ్ళు లేచి చేపల వేలంపాటకు టైమైందంటూ గంప తీసుకుని రోడ్డు మీదకు పోతోందనీ, అడ్డుపోతే చెంప మీద కొట్టిందనీ చెప్పింది. చెబుతూ చెంప తడుముకుంది. డాక్టరు గారు ఆమె కోపం తగ్గి నిద్ర పట్టడానికి మందు రాశారు.

మళ్ళీ వచ్చినప్పుడు లక్ష్మి ముఖం తేటగా ఉంది. అత్త బ్రహ్మాండంగా ఉందని చెప్పింది. కాగితంలో గడులన్నీ తనే నింపింది. గొడవలు లేవు, కోపం లేదు, ఇరుగుపొరుగుతో పేచీ లేదు. కూడితే మార్కులు అంతకుముందుకంటే ఎంతో పైకెళ్ళాయి. డాక్టరు గారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి నాకు చూపించి మురిసిపోయారు. నాంచారమ్మ కుర్చీలో ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

ఆ తర్వాత వారం రేపల్లెలో మేం కూర్చునే గది ముందు వరసలో ఒకావిడ కనిపించింది. బలమైన మనిషి, ముక్కుకు రెండువైపులా ముక్కుపుడకలు, మార్కెట్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేపల వాసన ఆమెకంటే ముందే గదిలోకి వచ్చింది. రోగి అనుకుని మీకేం ఇబ్బందమ్మా అని అడిగాను.

"నాకేం ఇబ్బంది లేదండి. నాంచారమ్మకే ఏదో అయింది."

"మీరు ఆమెకు ఏమవుతారు?"

"ఏమీ కానండి. ఆమెకీ నాకూ పడదు."

పేరు సీతారావమ్మ. మార్కెట్లో నాంచారమ్మ పక్క గంప ఆమెది. పడనామె గురించి బేరాలు మానుకుని ఎందుకొచ్చారని అడిగితే, కాసేపు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"నన్ను తిట్టడం మానేసిందండి" అంది.

నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

వాళ్ళిద్దరి పోట్లాట మార్కెట్ పుట్టినప్పట్నుంచీ ఉన్నట్టే. రేకుల కింద నీడపట్టున ఉండే చోటు ఎవరిదన్నది అసలు తగాదా అని సీతారావమ్మ చెప్పింది. కాదు, సీతారావమ్మ తమ్ముడి పెళ్ళిలో మురిగిన రొయ్యలు వడ్డించారన్న మాట దగ్గర మొదలైందని లక్ష్మి తర్వాత చెప్పింది. ఏది నిజమైనా రోజూ పొద్దున్నే ఇద్దరికీ ఒక విడత పడాల్సిందే. చేపల దగ్గర ఎత్తుకుని, తమ్ముడి పెళ్ళి మీదుగా, పుట్టింటిదాకా వెళ్ళేవాళ్ళు. మధ్యలో బేరం వస్తే ఇద్దరూ ఠక్కున ఆపి, "రా తమ్ముడూ, వంజరం కావాలా" అని నవ్వుతూ తూచి, కోసి, సంచిలో వేసి ఇచ్చి, ఆ తమ్ముడు నాలుగడుగులు వేశాక ఆపిన మాట దగ్గర్నుంచే అందుకునేవాళ్ళు.

సీతారావమ్మ ఇది చెబుతుంటే నా బుర్రలో ఒక్కో గడీ నిండుతోంది. వంతు పాటించడం, ఎదుటివాళ్ళ మాట పట్టుకోవడం, చూసేవాళ్ళను బట్టి గొంతు మార్చడం, ఆపగలగడం, మళ్ళీ అందుకోగలగడం. మేం ప్రశ్నపత్రంలో వెతుకుతున్నవన్నీ ఆ పోట్లాటలో ఉన్నాయి. మా కాగితం మాత్రం దాన్ని "గొడవలు" అని ఒకే గడిలో పెట్టి మార్కులు కోస్తోంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి రేపల్లె మార్కెట్‌కు వెళ్ళాను. అత్త బదులు లక్ష్మి కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. పక్కన నాంచారమ్మ. సీతారావమ్మ నాకు చూపించడానికి పూనుకుంది. తన గంప జరిపి నాంచారమ్మ చోటులోకి నెట్టింది. చేపలు కడిగిన నీళ్ళు ఆమె కాళ్ళ దగ్గర పారబోసింది. ఒకాయన బేరమాడటానికి వస్తే, ఆ చందువ చేపలు నిన్నటివని గట్టిగా చెప్పింది. లక్ష్మికి ఒళ్ళు మండి తల ఎత్తింది గానీ నాంచారమ్మ ఎత్తలేదు. కాళ్ళ కింద నీళ్ళను చూసింది. పాదాలు కొంచెం వెనక్కి జరుపుకుంది. అంతే.

సీతారావమ్మ నావైపు తిరిగింది. చూశారా అని అంటుందనుకున్నాను. చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, వంగి, గొణుక్కుంటూ నాంచారమ్మ పాదాలు కడిగింది.

డాక్టరు గారి బూట్లు

తెనాలి వచ్చి డాక్టరు గారికి చెప్పాను. ఆయన చాలా ఓపిగ్గా విని, పక్కమనిషిని తిట్టకపోవడం జబ్బని ఏ పుస్తకంలో ఉందో చూపించమన్నారు.

"పుస్తకంలో లేదు సార్. కానీ కోపం ఒక్కటే తగ్గలేదు. మనిషే తగ్గిపోయింది."

ఆయన కాగితాలు సర్దుకుని లేచారు. నేను మార్కులు చెప్పనందుకు చిన్నబుచ్చుకున్నారనుకున్నాను. వారం తిరిగి రేపల్లె వెళ్ళిన రోజున గదికి పోనివ్వకుండా కారు మార్కెట్ దగ్గర ఆపించారు. మెరిసే బూట్లతో చేపల నీళ్ళలో నడుచుకుంటూ పోయి నాంచారమ్మ ముందు గొంతుక్కూర్చున్నారు. ఆమె చెయ్యి పట్టుకుని మోచేతి దగ్గర వంచి చాపి చూశారు. వేళ్ళు గబగబా ఆడించమన్నారు. లేచి నాలుగడుగులు నడవమన్నారు. చుట్టూ జనం మూగారు, ఒకాయన డాక్టరు గారికి చేప ముల్లు గుచ్చుకుందేమోనని ఆరా తీశాడు. ఆయన లేచి ప్యాంటు దులుపుకుని, "చేతులు బిగుసుకుపోయినయ్. మందు ఎక్కువైంది. ఎక్కువ రాసింది నేనే" అన్నారు. అందరి ముందూ అన్నారు. ఆయన కింద అన్నేళ్ళు పనిచేశాను గానీ, ఆయనంటే గౌరవం కుదిరింది మాత్రం ఆ బురదలోనే.

మందు తగ్గిస్తాననగానే లక్ష్మి కత్తిపీట మీంచి లేచింది. "ఈమె తిట్టడం లేదని మీరంతా బాధపడుతున్నారు. రాత్రిళ్ళు రోడ్డు మీదకి పోతే వెతికి తెచ్చేది నేను గదండీ. దెబ్బ తిన్నదీ నేనే గదండీ."

ఆ అమ్మాయి చెప్పింది నిజం. ఈ ఉద్యోగంలో ముసలివాళ్ళను చూసి మనసు కరగడం తేలిక. వాళ్ళను చూసుకునే మనిషి నిద్రపోయిందా లేదా అన్నది మాత్రం చాలామంది అడగరు. అప్పట్నుంచి నేను ముందు అదే అడిగేదాన్ని.

సీతారావమ్మే దారి చూపింది. పొద్దున పూట నాంచారమ్మను తన పక్కన కూర్చోబెట్టి, లక్ష్మిని ఇంటికి పోయి పడుకోమంది. "నేను చూస్తా. చూడటమంటే చూసుకోవడం కాదు. దానికీ నాకూ పడదు." తన బేరాలన్నీ ఈమె లాగేసుకుంటుందని లక్ష్మికి అనుమానం. ఇద్దరూ దాని మీద ఒక విడత వేసుకున్నారు. చివరికి రెండు గంపలూ సీతారావమ్మే అమ్మేటట్టు, లక్ష్మి నిద్ర లేచి వచ్చి తన లెక్క తను చూసుకునేటట్టు కుదిరింది. డాక్టరు గారు మందును నెమ్మదిగా తగ్గిస్తూ, పడుకునే ముందు మాత్రం కాస్త ఉంచారు. వీధి తలుపుకు పైన గడియ పెట్టించమని లక్ష్మికి చెప్పారు.

మొదటి తిట్టు

కొన్ని వారాలు ఏమీ జరగలేదు. ఒక మధ్యాహ్నం తెనాలిలో మేం భోజనాలు చేస్తుంటే ఫోన్ మోగింది.

"అమ్మగారూ, తిట్టిందండి."

సీతారావమ్మ గొంతు, వెనక మార్కెట్ గోల. ఏమని తిట్టిందో చెప్పమన్నాను. చెప్పింది. అచ్చులో వేయదగ్గది కాదు. ఒక గాడిదకూ, రొయ్యల గంపకూ, సీతారావమ్మ తమ్ముడికీ ఉన్న సంబంధం గురించిన తిట్టు అది. నేను డాక్టరు గారికి యథాతథంగా అప్పజెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి పూర్తి గంభీరంగా ప్రశ్నలు వేశారు. వాక్యం చివరిదాకా పూర్తి చేసిందా? చేసింది సార్. సందర్భం లేకుండా అందా, లేక ఎదుటామె మాటకు జవాబుగానా? గంప జరిపినందుకు సార్, జవాబుగానే. బేరం వస్తే ఆపిందా? ఆపింది సార్. ఆయన అంతా కేసు కాగితం మీద రాసి, కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు.

తర్వాతసారి లక్ష్మి నింపిన కాగితంలో మార్కులు పడిపోయాయి. గొడవలు ఉన్నాయి, పొరుగుతో పేచీ ఉంది. పడిపోయిన ఆ అంకె చూసి డాక్టరు గారు, లక్ష్మి, నేను ముగ్గురమూ సంతోషించాం. అంకె తగ్గినందుకు ఆయన సంతోషించడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ సాయంత్రం "గొడవలు" అన్న గడిని కొట్టేసి తన చేత్తో కొత్తవి రాశారు. ఎవరితో పోట్లాడేవారు? ఇప్పుడూ వాళ్ళతోనేనా? పోట్లాటలో అవతలివాళ్ళ మాట వింటున్నారా? కోడలి చెంప మీద పడిన దెబ్బకు వేరే గడి పెట్టారు. అది జబ్బు, దాన్ని జబ్బుగానే చూడాలి. రెండిటినీ ఒకే గాట కట్టింది మా కాగితమే.

జబ్బు నయమైందని ఎవరూ అనుకోకండి. ఈ జబ్బు నయం కాదు. నాంచారమ్మకు ఒక మంచి కాలం దొరికింది, అంతే. అదీ తరుగుతూ వచ్చింది. తర్వాత తర్వాత బేరం కోసం పోట్లాట ఆపితే, ఎక్కడ ఆపిందో మర్చిపోయేది. సీతారావమ్మ గంప మీద చెయ్యి తట్టి, "మా తమ్ముడి పెళ్ళి దగ్గర ఉన్నావే, రొయ్యలు వడ్డిస్తున్నారు" అని అందించేది. నాంచారమ్మకు వెంటనే గుర్తొచ్చి, ఆ రొయ్యలు ఎంత మురిగాయో చెప్పేది. తన తమ్ముడి పెళ్ళిని తనే అందించి తిట్టించుకోవడం చూసి మార్కెట్లో అందరూ నవ్వేవాళ్ళు. సీతారావమ్మ వాళ్ళనూ తిట్టేది.

ఈ పనిలో మంచి నడవడికకు మార్కులు వేయబాకండి. ఆ మనిషి తన మనుషులతో తనలా ఉంటోందా అన్నదే చూడండి. నెమ్మదిగా కూర్చున్న ముసలామె అందరికీ సుఖంగా ఉంటుంది. అందుకే ఆమెను ముందు అనుమానించాలి.

చివరిసారి వెళ్ళినప్పుడు

నేను రిటైరయ్యే ముందు నాంచారమ్మను చూడటానికి ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆమెకు మాట పోయింది. వసారాలో నవారు మంచం మీద గోడకు ఎడంగా పడుకోబెట్టి ఉంచారు. లక్ష్మి అత్తకు జావ పట్టించి మూతి తుడుస్తోంది. పద్ధతి ప్రకారం నేను కొలవాలి. పేరు పెట్టి పిలిచాను, చూడలేదు. చెయ్యి పట్టుకున్నాను, పట్టుకోనిచ్చింది గానీ వేళ్ళు కదల్లేదు. "అత్తా, ఎవరొచ్చారో చూడు" అని లక్ష్మి వంగి పిలిచింది. కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. ఎదుటివాళ్ళు ఉన్నట్టు గుర్తిస్తున్నారా అన్న గడి దగ్గర సున్నా రాయబోతున్నాను.

అప్పుడు మార్కెట్ నుంచి సీతారావమ్మ వచ్చింది. ఖాళీ గంప గుమ్మం పక్కన దించి, నాకు నమస్కారమైనా పెట్టకుండా మంచం పక్కన నిలబడి ఎత్తుకుంది. ఇవాళ నీ బేరాలన్నీ నాకే వచ్చినయ్. ఇన్నాళ్ళకు మంచి చేప తిన్నామన్నారు నీ ఖాతాదారులు. ఆ రేకుల కింద చోటు ఇప్పుడు నాదే, నా గంపే ఉంది అక్కడ, వచ్చి ఏం చేసుకుంటావో చేసుకో. గొంతు వీధి చివరిదాకా వినిపించేటట్టుంది.

అంటూ అంటూ ఆగింది. ఒక మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది.

నాంచారమ్మ కళ్ళు పైకప్పు మీంచి మెల్లగా కిందికి దిగాయి. సీతారావమ్మ ముఖం దగ్గర ఆగాయి. అక్కణ్ణుంచి పాదాల దాకా వెళ్ళి మళ్ళీ పైకొచ్చాయి. ఆ తర్వాత పెదాలు బిగించి, మూతి ఒక పక్కకు తిప్పి, ముఖం గోడవైపు పెట్టుకుంది. లక్ష్మి చేతిలో గిన్నెతో అలాగే ఉండిపోయింది.

"చూశారా అండి ఆ పొగరు" అంది సీతారావమ్మ నాతో. ఆమె ముఖం వెలిగిపోతోంది.

అని ఊరుకోలేదు. చీర ఎగదోపుకుని మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, గోడకూ మంచానికీ మధ్య ఉన్న సందులో ఒళ్ళంతా ఇరికించుకుని నేల మీద కూర్చుంది. నాంచారమ్మ ముఖానికి జానెడు దూరంలో తన ముఖం పెట్టింది.

"ఇటే తిరిగావుగా. విను" అంది.